పాతకార్ల పేరంటము

పేరంటమునకు వెళ్లిన స్త్రీలు నలుగురు ఒకచోట కూర్చుండినచో మాటలు దేనిమీదికి పోవునో మా చదువరులకు చెప్పనక్కఱలేదు. ఒకరి యొంటిమీది చీర తల్లి పెండ్లినాటిదని తెలిసినంతనే, అది నేసిన యూరు, ఆనాటి వెల, అట్టి యంచు ఇప్పుడెవ్వరును నేయకుండుట, అన్నియు వరుసగా బయటికి వచ్చును. చీర యొక్కటే; దాని కొంగున ముడివడియున్న కథలు పది. సరిగా ఇట్టి పేరంటములే ఇంగ్లండు దేశమున పాత మోటారుకార్ల చుట్టు సుమారు నూఱేండ్లుగా జరుగుచున్నవి. అచ్చట పసుపుకుంకుమలు లేవు, తాంబూలము లేదు. నూనెమరకలు, పొగ, వేడి తేనీరు కలవు. కాని మాటలు మాత్రము మన మాటలే. ఇది మా తండ్రిగారు కొన్న బండి. ఇట్టిది లోకమున రెండే మిగిలినవి. దీనిని మొట్టమొదట ఫలానావారు నడపిరి అని చెప్పుకొనుటయే.

ఇది ధనవంతుల వినోదము గదా, గృహిణులు చదువు పత్రికలో దీనికేమి పని యని కొందఱు సోదరీమణులు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. పాతవస్తువును దాచుట వేఱు, బ్రతికించుట వేఱు. దాచుటకు బీరువా చాలును. బ్రతికించుటకు దానిని వాడుచుండు చేయియు, దాని సంగతి చెప్పుచుండు నోరును కావలెను. ఈ రెంటిలో ఏది తప్పినను వస్తువు మిగులునుగాని దాని ప్రాణము మిగులదు. ఈ సంగతిని పాతకార్లవారు చక్కగా గ్రహించిరి. అంతేకాక, వారి కథలో మొదటినుండియు స్త్రీలున్నారు. ఆ స్త్రీలను మన చదువరులకు పరిచయము చేయవలెననుటయు మా ఉద్దేశములలో నొకటి.

ముందుగా రెండుమాటల అర్థము తెలిసికొందము. 1904వ సంవత్సరము ముగియులోపల తయారైన కార్లను సాధారణముగా 'వెటరను' కార్లందురు. అనగా వృద్ధయోధుల వంటివి. 1919 మొదలు 1930 వఱకు పుట్టినవి 'వింటేజి' కార్లు. ఈ మాటను ద్రాక్షసారాయి వర్తకులనుండి తెచ్చుకొనిరి. ఏ యేటి ద్రాక్షపంటనుండి తీసినదో తెలుపుటకు వారు దానిని వాడుదురు. మనదేశమున జరుగు ప్రదర్శనలలో ఈ హద్దును కొంత ముందునకు జరిపి, 1939 వఱకు తయారైనవానిని వింటేజి కార్లనియే పిలుచుచున్నారు.

ఇక కథాస్థలము. లండనునకు నైరృతిదిక్కున సర్రీ మండలములో, వేబ్రిడ్జి యను నూరిచేరువ, బ్రూక్లెండ్సు అను చోటు కలదు. మోటారుపందెములకొఱకే ప్రత్యేకముగా కట్టిన బాటలలో లోకమున మొదటిది అదియే. ఆ నేల హ్యూ లాక్ కింగ్ అను భూస్వామిది. ఆ కాలమున ఇంగ్లండు రోడ్లమీద గంటకు ఇరువది మైళ్లకు మించి పోరాదని చట్టముండెను. పరదేశపు కార్లు పందెములు గెలుచుచుండగా, ఇంగ్లీషుకార్లకు తమ సత్తువను పరీక్షించుకొనుటకైన తావు లేకుండెను. ఆ కొఱతను తీర్చదలచి ఆయన తన సొంతభూమిలో రెండుముప్పాతిక మైళ్ల చుట్టుబాటను కాంక్రీటుతో వేయించెను. దాని వెడల్పు నూఱడుగులు. మలుపులయొద్ద బాటను మూకుడు అంచువలె ఏటవాలుగా లేపి, దాదాపు ముప్పదియడుగుల యెత్తు చేసిరి. మిక్కిలి వేగముగా వచ్చిన బండి బయటికి విసరివేయబడక, ఆ వాలును పట్టుకొని తిరుగవలెనని ఈ యేర్పాటు.

ఖర్చు అంచనాకు మించి, లక్షా యేబదివేల పౌనులకు చేరినది. ఆయన ధనము కరగినది, ఆరోగ్యము చెడినది. అప్పుడు భార్య ఇథెల్ ముందునకు వచ్చెను. పుట్టింటివారి సాయము తెచ్చి, పనిని తన చేతిమీదుగా నడిపించి ముగింపజేసెను. 1907 జూను 17వ తేదీని ఆ బాటను తెఱచినప్పుడు, కార్ల యూరేగింపునకు ముందుండి తన 'ఇటాలా' కారును స్వయముగా నడపినదియు ఆమెయే. మగవారి వేగమునకు నెలవని పేరుపొందిన ఆ స్థలమున మొదటి చక్రము త్రిప్పినది ఒక గృహిణి చేయి యని పెక్కుమంది యెఱుగరు.

మఱుసటి సంవత్సరము, 1908 జూలై 4వ తేదీని, అచ్చట స్త్రీలకొక పందెము పెట్టిరి. బహుమానము చేతికంకణము గనుక, దానికి 'లేడీసు బ్రేస్‌లెట్' పందెమని పేరు వచ్చెను. మ్యూరియల్ థాంప్సన్ అను నామె ఆస్టిను కారులో గెలిచెను. ఆ కారునకు 'పాబుల్' అని ముద్దుపేరు. తరువాత పందెముల పాలకవర్గమువారు స్త్రీలకిది తగదని తలుపు మూసిరి. చాలయేండ్ల వఱకు ఆ తలుపు తెఱవబడలేదు. తలుపు మూసినంతమాత్రమున చేయి నేర్చిన విద్యను మఱచునా? మొదటి ప్రపంచయుద్ధమున ఆ థాంప్సన్ గాయపడిన సైనికులను మోయు బండ్లను నడిపి, బాంబులు పడుచున్న చోట చూపిన ధైర్యమునకు సైనికపతకము పొందెను.

ఆనాటి కారు నడపుట యనగా ఏమో నేటివారికి ఊహకందదు. తాళపుచెవి త్రిప్పుట, మీట నొక్కుట యెఱుగని కాలమది. ముందుభాగమున ఇనుపహేండిలు దూర్చి, చేతిబలముతో త్రిప్పి ఇంజనును మేల్కొలుపవలెను. అప్పుడు బొటనవ్రేలిని మిగిలిన నాలుగువ్రేళ్ల ప్రక్కనే యుంచవలెనుగాని హేండిలును చుట్టి పట్టరాదు. నిప్పురవ్వ వేళకు ముందు పుట్టెనా, హేండిలు వెనుకకు తన్ని మణికట్టును విఱుచును. దీపములు సరేసరి. మన పల్లెలలో పూర్వము జాతరలకు వెలిగించిన కార్బైడు దీపముల వంటివే ఆ బండ్లకు నుండెడివి. కార్బైడుపై నీరు బొట్టుబొట్టుగా పడి, ఆ వాయువు మండవలెను. కొన్ని బండ్ల చక్రములకు ఆకులు కొయ్యవి. ఎండ కెక్కువగా ఆరినచో అవి ముడుచుకొని కిఱ్ఱుమనును. ఎండకాలమున ఎద్దుబండి చక్రములను చెఱువునీట నానబెట్టిన మన రైతులకు ఈ చిక్కు క్రొత్తది కాదు.

ఇంజను లోపల తిరుగు ఇరుసుకు ఆధారముగా తెల్లని మెత్తలోహమును కరగించి పోసి, ఆఱిన పిదప దానిని చేతిపనిముట్టుతో వెండ్రుకవాసి వెండ్రుకవాసిగా గీకి సరిచేయుదురు. ఎంత గీకవలెనో పుస్తకమున వ్రాయవచ్చును. ఎప్పుడు ఆపవలెనో మాత్రము వ్రేళ్లకే తెలియును. పిండివంటలో పాకము చూచుటవంటి విద్యయిది. తీగపాకమెట్లుండునో పుస్తకము చదివి నేర్చుకొన్న కోడలెవ్వతె? అత్తగారి ప్రక్క నిలిచి, వ్రేళ్లనడుమ సాగదీసి చూచియే నేర్చుకొనవలెను. పాతకార్లవారి సమావేశముల మర్మము ఇచ్చటనే యున్నది. వారు గుమిగూడి పాతకాలపు ముచ్చట్లు చెప్పుకొనుట వట్టి కాలక్షేపము కాదు. ఆ ముచ్చట్ల నడుమనే పనితనము ఒక చేతినుండి మఱియొక చేతికి మాఱుచున్నది.

ఈ సమావేశములకు మొదలెక్కడ? 1896కు పూర్వము ఇంగ్లండులో మోటారుబండి గంటకు నాలుగుమైళ్లకు మించి పోరాదు. పైగా దాని ముందు మనుష్యుడొకడు నడచిపోవలెను. 1896 నవంబరు 14వ తేదీని ఆ నిర్బంధము తొలగినప్పుడు, కార్లవారు సంతోషముతో లండనునుండి సముద్రతీరమందలి బ్రైటను నగరమునకు పరుగుతీసిరి. బయలుదేరుటకు ముందు ఫలహారవిందులో ఒక ప్రభువు ఎఱ్ఱజెండాను చింపి, పాతచట్టమునకు ఉత్తరక్రియలు జరిపెను. ముప్పదియొక సంవత్సరములు గడచిన పిదప, 1927లో, ఆనాటి బండ్లను మరల వెదకితెచ్చి అదే దారిని నడపిరి. పాకలలో, కొట్టములలో, మూలబడియున్న బండ్లకు దుమ్ము దులిపిరి. జనులు వానిని చూచి నవ్విరి. పత్రికలు 'డొక్కుబండ్ల పరుగు' అని హాస్యమాడెను. కాని ఆ డొక్కుబండ్లే అఱువదిమైళ్లు నడచి బ్రైటను చేరెను. 1930లో ఆ పరుగు ముగిసినప్పుడు కొందఱు అభిమానులు కలిసి వెటరను కార్ల క్లబ్బును స్థాపించిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమునను, పెట్రోలు కొఱత వలన 1947లోను, కోవిడు వలన 2020లోను తప్ప, నవంబరు మాసపు మొదటి ఆదివారము సూర్యోదయవేళ ఆ పరుగు నేటికిని సాగుచున్నది.

1934లో మఱియొక క్లబ్బు పుట్టినది. వింటేజి స్పోర్టుసు కార్ల క్లబ్బు అని దాని పేరు. ధనవంతుల వినోదము గదా యని సందేహించినవారు దీని పుట్టుకను గమనింపవలెను. అంతగా ధనము లేనివారికొఱకే ఆ క్లబ్బును ఏర్పఱచిరి. అప్పటికి కర్మాగారములు ఒకే యచ్చున వేలకొలది కార్లను చౌకగా దింపుచుండెను. వాని తళుకు ఎక్కువ, గట్టితనము తక్కువ యని ఆ యువకుల అభిప్రాయము. అంతకు పదేండ్ల క్రిందట, పనివాడు ఒక్కొక్కటిగా అమర్చిన మంచికార్లు, ఫ్యాషను మాఱినందున, కొద్దివెలకు దొరకుచుండెను. మిల్లుబట్టల వెల్లువలో చేనేతచీర విలువను కనుగొన్నవారివలె, ఈ యువకులు ఆ పాతకార్లను కొని, తామే విప్పి, తామే బిగించి నడపసాగిరి. నేడు లక్షలకు కోట్లకు పలుకు కార్లు ఆనాడు జీతగాండ్లైన కుఱ్ఱవాండ్ర చేతిలో బ్రతికినవే.

ఆ దశకములోనే బ్రూక్లెండ్సులో స్త్రీలును తమ సత్తువను చూపిరి. కెనడా దేశమునుండి వచ్చిన కే పీటర్ అను నామె అయిదడుగులకైన రాని పొట్టిమనిషి. ఆమె నడపదలచిన ఫ్రెంచి 'డెలాజి' కారు 1923లో పుట్టినది. పన్నెండు సిలిండర్లు, పదిన్నర లీటర్ల ఇంజను గల భారీయంత్రము. కాలందకపోగా పెడళ్లకు కొయ్యదిమ్మెలు బిగించి, 1935లో ఆమె దానిని గంటకు 134.75 మైళ్ల వేగముతో త్రిప్పెను. ఆ కాలముననే గ్వెండా హాక్స్ అను మఱియొక స్త్రీ 135.95 మైళ్ల వేగముతో ఆమెను మించెను. వీరిద్దఱి పట్టుదల అపాయమునకు దారితీయునని భయపడి, అధికారులు ఆ పోటీని అంతటితో ఆపివేసిరి. రెండేండ్ల పిదప అభ్యాసవేళ మఱియొకరి కారు వచ్చి గ్రుద్దుటచే కే పీటర్ తీవ్రముగా గాయపడి పందెములు మానుకొనెను. అటుపిమ్మట ఆస్టిను కంపెనీవారికి కార్ల లోపలి రంగులనుగూర్చి సలహా చెప్పు ఉద్యోగము చేసెను.

1939 ఆగస్టులో బ్రూక్లెండ్సున కడపటి పందెము జరిగినది. మఱుసటి మాసముననే యుద్ధము. బాటనడుమ నున్న విమానకర్మాగారములు రాత్రింబవళ్లు పనిచేయసాగెను. పైనుండి శత్రువునకు కనబడకుండ కాంక్రీటుపై చెట్లు నాటిరి. వాలుగోడను గండికొట్టి దారి తీసిరి. 1940 సెప్టెంబరు 4వ తేదీని అచ్చట పడిన బాంబులకు ఎనుబదిమందికి పైగా పనివారు మరణించిరి. 1942లో సొంతకార్లకు పెట్రోలు బొత్తిగా నిలిపివేసిరి. కార్లు చక్రములు నేలకానకుండ దిమ్మెలమీద నిలువబడెను. ఇనుము కావలెనని పాతబండ్లనెన్నింటినో కరగించుటకు తీసికొనిపోయిరి.

నడుపుటకు వీలులేని ఆ దినములలో పాతకార్లను కాపాడినది యేమి? మాట. కేవలము మాట. 'మోటారు స్పోర్టు' అను మాసపత్రిక, 1924లో 'బ్రూక్లెండ్సు గెజెటు' అను పేరుతో పుట్టినదే, అప్పుడు విలియం బాడీ అను సంపాదకుని చేతిలో నుండెను. ఆయన యుద్ధకాలమున ప్రభుత్వోద్యోగము చేయుచు, తీరికవేళల పత్రికను నడపెను. పందెములు లేవు, వార్తలు లేవు, క్రొత్తకార్లు లేవు. ఇక పత్రికలో వేయుటకేమున్నది? అప్పుడు 'నాకుండిన కార్లు' అను శీర్షికకు అభిమానులు తమతమ జ్ఞాపకములను వ్రాసి పంపసాగిరి. ఏ యేట ఏ కారు కొంటిమి, ఎంతకు కొంటిమి, ఏ గేరు మొరాయించెడిది, ఏ కొండమీద ఆగిపోయెడిది, ఎవరికి అమ్మితిమి అని వ్రాయుటయే. అవి చదివినవారిలో, ఆ కారు ఇప్పుడు మా యూరి పాకలో నున్నదని తెలుపువారు కొందఱు. నే డొక కారు పుట్టుపూర్వోత్తరములు తెలియవలెనన్న ఆనాటి జ్ఞాపకములు సాక్ష్యములుగా నిలుచుచున్నవి. ఆ సంపాదకుడు 1936 మొదలు 1991 వఱకు, ఏబదియైదేండ్లు, ఆ పత్రికను విడువలేదు.

యుద్ధము ముగిసినను బ్రూక్లెండ్సు తిరిగి తెఱవబడలేదు. 1946లో ఆ స్థలమును విమానకంపెనీకి అమ్మివేసిరి. కాంక్రీటు పగుళ్లలో గడ్డి మొలచెను. ఇథెల్ లాక్ కింగ్ 1956లో మరణించెను; తాను కట్టించిన బాట పాడుబడుట చూచియే ఆమె కన్నుమూసెను. 1967లో బాడీ గారును తోడివారును బ్రూక్లెండ్సు సొసైటీ నేర్పఱచి, ఏటేట పాతవారిని ఆ బాటకే పిలువసాగిరి. ఒకప్పుడు గంటకు నూఱుమైళ్ల వేగముతో తిరిగినవారు కఱ్ఱలూతగా నడచి వచ్చి, విఱిగిన వాలుగోడను చూపి, ఇచ్చట బండి గాలిలోని కెగిరెడిదని పిన్నలకు చెప్పిరి. ఆ మాటలే మెల్లమెల్లగా గట్టిపడి, 1991లో మ్యూజియముగా తెఱవబడెను. దానికి మొదటి డైరెక్టరు మొరాగ్ బార్టన్ అను స్త్రీ. ఒక స్త్రీ పట్టుదలతో పూర్తియైన స్థలమును శిథిలముకాకుండ నిలిపినవారిలో మఱియొక స్త్రీ ముందుండుట మనము గుర్తుంచుకొనదగినది.

ఆ మ్యూజియములో 'నేపియర్ రైల్టన్' అను కారు కలదు. 1933లో ఒక్కటే చేసిరి. విమానమునకు పెట్టవలసిన ఇరువదినాలుగు లీటర్ల ఇంజనును దానికి పెట్టిరి. బ్రేకులు మాత్రము వెనుకచక్రములకే. జాన్ కాబ్ 1935లో దానిని గంటకు 143.44 మైళ్ల వేగముతో త్రిప్పెను. బ్రూక్లెండ్సులో ఆ వేగమును మించినవారు లేరు. యుద్ధానంతరము విమానములను ఆపు పారాచూటులను పరీక్షించుటకు ఆ కారును వాడిరి. 1997లో మ్యూజియమువారు దానిని కొనిరి. దానిని అద్దాలగదిలో బంధింపక, ఉత్సవదినములలో ఇంజను నడిపి జనులకు వినిపింతురు. దాని రూపమును చిత్రపటమున చూడవచ్చును. ఉఱుమును మాత్రము నడపిననే వినగలము.

అరుదైన కార్ల ముచ్చట వచ్చినప్పుడు, ఈ పేరంటములలో 'బుగాటి రాయల్' పేరు తప్పక వినబడును. ఫ్రాన్సులో పుట్టిన ఈ కార్లు మొత్తము ఆఱే. రాజులకొఱకని చేసిరి, కాని 1930ల ఆర్థికమాంద్యములో కొనువారు కఱవై, అమ్ముడుపోయినవి మూడు. యుద్ధమున జర్మనులు ఫ్రాన్సును ఆక్రమించినప్పుడు, ఇంటనున్న మూడింటిని శత్రువు కంటబడకుండ గోడకట్టి దాచిరి. అమ్ముడుపోయినవానిలో ఒకటి అమెరికా చేరి, న్యూయార్కు చలికి ఇంజను పగిలి, పాతయినుము కొట్టుపాలయ్యెను. దాని విలువ నెఱిగిన ఒక యింజనీరు కంటబడినందున కొద్దివెలకు బ్రతికిపోయి, నేడు హెన్రీ ఫోర్డు మ్యూజియములో నున్నది. ఆఱును నేటికిని మిగిలియున్నవి. తెలిసినవాని కన్ను పడకున్న ఎంతటి వస్తువైనను పాతయినుమే యని దీని భావము.

ఇక మనదేశము మాట. 1964లో 'స్టేట్స్‌మన్' పత్రికవారు ఢిల్లీలో పాతకార్ల ర్యాలీని మొదలిడిరి, 1968లో కలకత్తాలోను. సంస్థానములు విలీనమైన పిదప రాజుల కార్లు ఒకటొకటిగా చేతులుమాఱి, పెక్కు విదేశములకు తరలిపోవుచున్న కాలమది. ఆ ర్యాలీలలో పలుమారులు పాల్గొనిన ఒక బండితో తెలుగువారికి చుట్టఱికము కలదు. ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియమునకు చెందిన మంటలార్పు బండి యది. 1914లో ఇంగ్లండునందు సాల్‌ఫర్డులోని జాన్ మారిస్ కంపెనీవారు చేసిరి. నిజాము రాష్ట్ర రైల్వేవారు దానిని వాడిరి. మన సికిందరాబాదు సీమలో రైళ్లకు కాపుగా నుండిన ఆ బండి, నూఱేండ్లు దాటిన యొడలితో, ఢిల్లీవీథుల తన చక్రములమీద తానే నడచినది.

దీనికి తోడుగా హైదరాబాదు చౌమహల్లా రాజభవనములోని పసుపుపచ్చని రోల్సు రాయిసు కారును తలచుకొందము. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను కొఱకు కోరి చేయించిన 'సిల్వరు ఘోస్టు' అది. బార్కరు కంపెనీవారు దానికి గుమ్మటపు కప్పును, వెనుకభాగమున సింహాసనమువంటి ఆసనమును అమర్చిరి. 1911 ఆగస్టులో ఆయన మరణించుటచే, కారు కుమారుడైన ఉస్మాను అలీఖానుకు చేరెను. ఉత్సవములకు తప్ప వాడకుండుటచే అది మిక్కిలి కొద్దిమైళ్లే నడచినదని చెప్పుదురు. అద్దము వెనుక మెఱయు ఆ సింహాసనము చూడ ముచ్చటయే. కాని నిప్పును చూచి, పొగను మ్రింగి, మనుష్యులకు పనికివచ్చిన ఆ మంటలార్పు బండికి చెప్పుకొనుటకు ఎక్కువ కథలున్నవి.

కథలన్నియు నిజములా? కావు. ఈ పేరంటములలో కల్పనలకును తక్కువ లేదు. ఇంగ్లండు దుకాణమున అవమానింపబడిన మహారాజొకడు రోల్సు రాయిసు కార్లను కొని వానితో చెత్త యెత్తించెనను కథను మనలో విననివారుండరు. ఆ కథను ఒకరు ఆళ్వారు రాజుమీద చెప్పుదురు, వేఱొకరు నిజాముమీద, మఱియొకరు పటియాలా రాజుమీద. ఒకే కథ ముగ్గురిమీద నడచుచున్నప్పుడు దానిని నమ్ముటకు ముందు ఆధారమడుగవలెను. తెలిసిన క్లబ్బులవారు అట్లే చేయుదురు. ఛాసిస్ నంబరును చూతురు. కంపెనీ చిట్టాలను వెదకుదురు. ఇంగ్లండు వెటరను క్లబ్బులో కారు పుట్టినయేడు తేల్చుటకే ఒక సంఘము కలదు. తాతచెప్పిన మాటను గౌరవించుచునే దానిని చిట్టాతో సరిచూచుట వారి పద్ధతి. పెద్దల మాటకు ఇది అవమానము కాదు; దానికి గట్టిపునాది.

2021లో మన కేంద్రప్రభుత్వమువారు ఏబదియేండ్లు దాటి, తొలిరూపము మాఱని వాహనములకు 'వీఏ' అను అక్షరములతో ప్రత్యేక నమోదు కల్పించిరి. రుసుము ఇరువదివేల రూపాయలు, గడువు పదేండ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప నిత్యము రోడ్డుమీద తిప్పరాదు. కాగితము దొరకినది మంచిదే. కాని తెల్లలోహము పోసి గీకగల వృద్ధకార్మికునికి ఏ నమోదును లేదు. ఆయన ప్రక్క నిలిచి నేర్చుకొను కుఱ్ఱవాడు లేనినాడు, నంబరు పలక మెఱయుచునే యుండును, ఇంజను మాత్రము మూగపడును.

మన యిండ్లలో పాతకార్లు లేకపోవచ్చును. పాత ఛాయాపటము లున్నవి. తాతగారో, పొరుగునుండిన డాక్టరుగారో, ఊరి మొదటి బస్సు డ్రైవరో, బండి ప్రక్క నిలిచి తీయించుకొన్న పటమొకటి ఏ పెట్టె యడుగుననో పడియుండును. నంబరు పలక కనబడినచో, దాని అక్షరములనుబట్టి బండి ఏ ప్రాంతమున నమోదైనదో తెలియును. ఆ పటములోని వారిని గుర్తుపట్టగల అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకను కొందఱున్నారు. బండి ఎవరిది, ఎవరు నడపెడివారు, పెండ్లికి ఏ యూరినుండి ఏ యూరికి వచ్చినది, కడకు ఎక్కడికి పోయినది అని వారి నడుగవలెను. చెప్పినదానిని పటము వెనుక మెత్తని పెన్సిలుతో, చెప్పినవారి పేరును, వ్రాసిన తేదీని చేర్చి, వ్రాసియుంచవలెను. యుద్ధకాలమున ఇంగ్లండులోని అభిమానులు చేసినది ఇంతకంటె పెద్దపని యేమియు కాదు. వచ్చు పేరంటమునకు చీరెల ముచ్చటలతోపాటు ఆ పటమునుకూడ వెంట తీసికొనిపొండు. దానిని చూచి నోరువిప్పువారు అచ్చటనే యుండవచ్చును.